ఆ జన్యువు ఎవరి వైపుది?

మా పిన్ని అండాశయ క్యాన్సర్‌తో పోయిన పదకొండో రోజున, భోజనాల విస్తళ్ళయినా ఎత్తకముందే, ఆమె ఆడపడుచు మా అమ్మని పక్కకి పిలిచింది. "వదినగారూ, జబ్బు పేరు బయట అనకండి. పిల్లకి సంబంధాలు చూడాలి. అయినా ఇది మీ వైపు రక్తమే కదా" అంది. అమ్మ తల వంచుకుంది. నాకు ఒళ్ళు మండింది.

మీ వైపు రక్తమట! బి.ఆర్.సి.ఎ.-1, బి.ఆర్.సి.ఎ.-2 జన్యువుల్లోని లోపం తల్లి నుంచి ఎంతగా రావచ్చో తండ్రి నుంచీ అంతే రావచ్చు. ఎవరికి ఉన్నా, ప్రతి బిడ్డకీ సంక్రమించే అవకాశం సగానికి సగం. ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయిన తాతగారిని మాత్రం ఈ లెక్కలోకి ఎవరూ తీసుకోరు. ఆయనది వయసు, మాది వంశదోషం!

సాహిత్యం చదువుకున్నదాన్ని, పేర్ల దగ్గర ఆగకుండా ఉండలేను. వీటిని "క్యాన్సర్ జన్యువులు" అనడమే అన్యాయం. కణంలో తెగిన డి.ఎన్.ఎ.ని బాగుచేయడం వీటి పని. అవి చెడినప్పుడే ముప్పు. మామూలుగా నూటికి ఒకరిద్దరు స్త్రీలకు వచ్చే అండాశయ క్యాన్సర్, బి.ఆర్.సి.ఎ.-1 లోపం ఉన్నవాళ్ళలో దాదాపు నలభై మందికి రావచ్చు.

దాచడంలో ఒక పద్ధతైతే, అమ్ముకోవడంలో ఇంకో పద్ధతి. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ ఆ మొదటి జన్యువు పదిహేడో క్రోమోజోము మీద ఉందని చూపించింది. 1994లో దాన్ని విడదీసిన మిరియడ్ కంపెనీ పేటెంటు తీసుకుని, పరీక్షకి మూడు వేల డాలర్లకు పైగా వసూలు చేసింది. మన ఒంట్లో పుట్టినదాని మీద వాళ్ళ పట్టా! స్త్రీలూ, శాస్త్రవేత్తలూ కోర్టుకెక్కితే, ప్రకృతిలో ఉన్న డి.ఎన్.ఎ. ఎవరి ఆస్తీ కాదని అమెరికా సుప్రీంకోర్టు 2013 జూన్‌లో తేల్చింది.

మన ఇళ్ళలోని పేటెంటుని ఏ కోర్టు కొట్టేస్తుంది? ఈ జబ్బుని ముందే పట్టే నమ్మకమైన స్క్రీనింగ్ పరీక్ష నేటికీ లేదు. కడుపుబ్బరం అంటే గ్యాసని మాత్రలిచ్చి పంపుతారు, పిన్నికీ అదే జరిగింది. అలాంటప్పుడు ముందుగా హెచ్చరించేది కుటుంబ చరిత్రే. తెలిస్తే పరీక్ష చేయించుకోవచ్చు, పిల్లలు పుట్టాక అండాశయాలు తీయించుకోవాలో వద్దో ఆ మనిషే తేల్చుకోవచ్చు. దాన్నే పెళ్ళి సంబంధాల కోసం పాతిపెడుతున్నాం.

పోయిన నెల చెల్లెలు పరీక్షకి రక్తం ఇచ్చింది. ఫారంలో తల్లి వైపు గళ్ళన్నీ అమ్మే నింపింది. తండ్రి వైపు వివరాల కోసం ఫోన్ చేస్తే, "మా ఇంట్లో అలాంటివి లేవు" అని ఆ మేనత్త పెట్టేసింది. మళ్ళీ చేస్తూనే ఉన్నాను.