మాట లేని సంగీతానికీ పరిష్కర్త కావాలి

ఇటలీలో ఫయెంజా అనే ఊరుంది. మెరుపు పూత పూసిన మట్టిపాత్రల పనికి ప్రపంచమంతా పేరున్న ఊరు. అక్కడి పురపాలక గ్రంథాలయంలో 117వ సంఖ్య వేసి దాచిన ఒక రాతప్రతి ఉంది. 15వ శతాబ్దం తొలినాళ్లలో తోలుకాగితం మీద రాసింది. అందులో పాటలున్నాయి గానీ మాటలు లేవు. ఫ్రాన్సు కవి గియోమ్ ద మషో, ఫ్లోరెన్సు అంధ విద్వాంసుడు ఫ్రాన్సెస్కో లాండీని, యాకొపో ద బొలోన్యా వంటివాళ్లు కట్టిన పాటలను వాద్యం మీద పలికించడానికి ఎవరో సంగీతం తెలిసినవాళ్లు మార్చి రాసుకున్నారు. చర్చిలో ఆరాధన వేళ వాయించాల్సిన భాగాలూ ఉన్నాయి. కింది వరసలో పాత పాట తాలూకు స్వరాలు నిదానంగా నిలబడి ఉంటాయి. పై వరసలో వాయించేవాడి వేళ్లు చేసిన విస్తారం ఉంటుంది. ఆరు వందల ఏళ్ల కిందట ఒక వాద్యకారుడు పాటను ఎలా పెంచుకుంటూ పోయాడో ఆ పై వరస చెబుతుంది.

మార్కాపురం దగ్గర పెద్దారవీడులో కూర్చుని ఫయెంజా సంగతి ఎందుకు రాస్తున్నానంటే, మనకూ అలాంటి ప్రతులున్నాయి, వాటిని చదివేవాళ్లు లేరు. అదే నా బాధ.

ఆ ప్రతికి జరిగిన సేవ చూడండి. 1473, 74 ప్రాంతంలో యోహాన్నెస్ బొనాదియెస్ అనే సన్యాసి చేతికి అది వచ్చింది. అప్పటికే ఆ సంగీతం పాతబడింది. ఆయన ఖాళీగా మిగిలిన చోట్ల తనకు కావలసిన శాస్త్రగ్రంథాలు రాసుకున్నాడు. ఆ తర్వాత కొన్ని శతాబ్దాలు అందులోని వాద్యసంగీతాన్ని పట్టించుకున్నవాళ్లు అరుదు. 1951లో ద్రాగన్ ప్లామెనాట్స్ అనే పండితుడు ఇది వాద్యసంగీతమనీ, దీని విలువ ఇదనీ పెద్ద వ్యాసం రాశాడు. 1961లో పేజీపేజీకీ ఫొటోలు తీసి అచ్చువేశారు. 1972లో ప్లామెనాట్సే సంగీతమంతా పరిష్కరించి ప్రచురించాడు. ఇది ఆర్గన్ వంటి మీటల వాద్యానిదా, ల్యూట్ అనే తీగవాద్యాలు రెండు కలిపి వాయించడానికి రాసిందా అని మరో పండితుడు తిమొతి మెగీ వాదం లేవదీశాడు. 2013లో పేద్రో మెమెల్స్‌డోర్ఫ్ రెండు సంపుటాల గ్రంథం తెచ్చాడు. ఈ మెమెల్స్‌డోర్ఫ్ స్వయంగా వాద్యకారుడు. రికార్డర్ అనే నిలువు వేణువు ఊదుతాడు, మధ్యయుగ సంగీతం వాయించే బృందాన్ని నడిపాడు. ఊదే మనిషే ప్రతిని చదివాడు. నా మనసును పట్టిన విషయం ఇదే.

ఎందుకంటే నేను ఊదేవాళ్ల ఇంట్లో పుట్టాను. మా నాన్న సన్నాయి, పెదనాన్న డోలు. ఒంగోలు నుంచి గిద్దలూరు దాకా పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ మా మేళం తిరిగేది. మార్కాపురం చెన్నకేశవస్వామి రథోత్సవానికి ఎందరో పెద్ద విద్వాంసులు వచ్చేవారు, వాళ్ల వెనక నిలబడి శ్రుతి కోసం ఒత్తు పట్టుకోవడం నా చిన్ననాటి పని. నాకు ఊపిరి నిలవలేదు, చదువు అబ్బింది. బళ్లో తెలుగు చెప్పి ఉద్యోగం ముగించుకున్నాను. ఇప్పుడు నాన్న వదిలిపోయిన నోటు పుస్తకాలు నా దగ్గరున్నాయి.

అవి కిరాణా కొట్టు పద్దుల పుస్తకాలు. ఒకవైపు ఏ పెళ్లికి ఎంత బయానా వచ్చిందో రాసుకున్నారు. తిరగేస్తే మరోవైపు స్వరాలు. స్వామి ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు గంభీరనాటలో ఊదే మల్లారి ఉంది. దానికి సాహిత్యం ఉండదు, ఉత్త స్వరమూ డోలు లెక్కా. తోడిలో ఎలా ఎత్తుకోవాలి, ఎక్కడ నిలవాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అని గుర్తులు పెట్టుకున్నారు. స్వరం మీద చిన్న మెలిక ఉంటే ఊపు, అడ్డగీత ఉంటే జారు, చుక్క ఉంటే శ్వాస. ఆ గుర్తులు నాన్న ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, అవసరం కొద్దీ పెట్టుకున్నారు. పెదనాన్న వాటిని చూసి, “పాటకు మాటుంటే ఎవడైనా దాచుకుంటాడు రా. ఊదిందాన్ని ఎవడు దాస్తాడు?” అనేవాడు. ఆయన మాట నిజమని చెప్పడానికి మన గ్రంథాలయాలే సాక్ష్యం.

తంజావూరు సరస్వతీ మహలు సంగతి తెలుగువాళ్లందరికీ తెలుసు. నాయక రాజులు, ఆ తర్వాత మరాఠా రాజులు పోగుచేసిన సంపద. అక్కడి యక్షగానాలు, ప్రబంధాలు మన పండితులు చాలావరకు వెలికితీశారు. అక్కడే తెలుగు లిపిలో రాసిన సంగీత ప్రతులు కూడా ఉన్నాయి. ఆలాపాలు, ఠాయాలు, గీతాలు, ప్రబంధాలు స్వరపరచినవి. సంగీత శాస్త్రకారుడు వేంకటమఖి తన గ్రంథానికి ‘చతుర్దండి ప్రకాశిక’ అని పేరు పెట్టింది ఈ నాలుగింటిని గురించే. వీటిలో ఆలాపం, ఠాయం పూర్తిగా స్వరమయం. ఆలాపానికి ఆయిత్తం, ఎడుపు, ముక్తాయి అని అంచెలుండేవి. 1684 నుంచి 1712 దాకా తంజావూరు ఏలిన శాహజీ తెలుగులో ‘రాగ లక్షణము’ రాయించినప్పుడు, ఏ రాగంలో ఏ సంచారం ఉందో చెప్పడానికి ఈ ఆలాపాల నుంచీ ఠాయాల నుంచీ ఉదాహరణలు తీశారు. అంటే మూడు వందల ఏళ్ల కిందట మాట లేకుండా రాగం ఎలా నడిచిందో తెలుగు అక్షరాల్లో నమోదై ఉంది. ఎస్. సీత, హేమా రామనాథన్ వంటి విదుషీమణులు వాటి మీద శ్రమించారు. వాళ్లకు నమస్కారం. వాళ్లు పనిచేసింది మద్రాసులో. తెలుగు రాష్ట్రాల నుంచి ఆ ప్రతులను చదవడానికి ఒక బృందమంటూ ఏర్పడి వెళ్లిందా? వాటిని ఒక్క పుస్తకంగానైనా పరిష్కరించి, మన పిల్లల వీణల మీదకూ సన్నాయిల మీదకూ తెచ్చిందా? నాకు తెలిసి లేదు.

ఇంకో సంగతి చెబుతాను. 1609లో సోమనాథుడు ‘రాగవిబోధ’మనే సంస్కృత గ్రంథం రాశాడు. ఆయన ఆంధ్రుడని పండితులు చెబుతారు. ఆ గ్రంథం అయిదో అధ్యాయంలో రాగాలకు వీణ మీద వాయించే స్వరరచనలు ఇచ్చాడు. ఉత్త సరిగమలు రాసి ఊరుకోలేదు. తీగను ఎలా మీటాలి, ఎక్కడ లాగాలి, ఎక్కడ కంపించాలి అని ఒక్కొక్కదానికి ఒక్కో గుర్తు కల్పించాడు. వేళ్ల పనిని కాగితం మీదకు ఎక్కించాలని అంత పట్టుదలగా పూనుకున్నవాళ్లు మన దేశంలో ఆయనకు ముందు అరుదు. దాన్ని పట్టుకుని చదివిందెవరు? జర్మనీవాడు రిచర్డ్ సీమోన్. 1904లో లైప్‌జిగ్‌లో సోమనాథుడి స్వరరచనలను గుర్తుల పట్టికతో సహా ప్రచురించాడు. డెబ్బై ఏళ్ల తర్వాత, 1976లో, హాలండుకు చెందిన ఎమీ తే నైయన్‌హౌస్ రెండు సంపుటాల్లో వాటిని మళ్లీ విప్పి, పాశ్చాత్య స్వరలిపిలోకి మార్చింది. ‘రాగవిబోధం’ మూలం మద్రాసులోనూ అచ్చయింది. కానీ ఆ స్వరాల్ని వీణ మీద పెట్టి వాయించి, ఇది ఇలా ఉండేదని తెలుగువాళ్లకు వినిపించే పని మిగిలే ఉంది.

లైప్‌జిగ్‌లో సీమోన్ పుస్తకం వచ్చిన ఆ 1904లోనే ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చయింది. తెలుగు లిపిలో. తమిళనాట ఒక జమీందారీ ఊళ్లో, తెలుగు అక్షరాలతో, గమకాలకు ప్రత్యేకమైన అచ్చు గుర్తులు పోయించి వేశారు. ఆ పని వెనక ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు ప్రోద్బలముంది. ఆయన తమిళ క్రైస్తవుడు, మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేసేందుకు తన ఆస్తీ ఆరోగ్యమూ ధారపోసినవాడు. దీక్షితులవారి పుస్తకం తెలుగు అక్షరాల్లో పుట్టినా, ఇవాళ దాని మీద జరుగుతున్న చర్చలో ఎక్కువ భాగం చెన్నైలో జరుగుతోంది. అది అక్కడివాళ్ల శ్రద్ధ, వాళ్లను మెచ్చుకోవాలి. మన అశ్రద్ధకు మనం జవాబు చెప్పాలి.

ఈ అశ్రద్ధకు కారణం నాకు తెలిసినంతలో ఒకటుంది. మన దగ్గర పాత ప్రతుల పని సాహిత్యం మీద ప్రేమతో జరిగింది. అన్నమయ్య రాగిరేకులు దొరికితే సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి మహానుభావులు జీవితాలు వెచ్చించారు. అది చేయకపోతే మనకు అన్నమయ్య లేడు. ఆ రేకుల మీద రాగం పేరుంది, పాట ఉంది, స్వరం లేదు. రాళ్లపల్లివారు తామే స్వరాలు కట్టాల్సివచ్చింది. మాట ఉంది కాబట్టి పాట బతికింది. మరి స్వరం ఉండి మాట లేనిదాన్ని ఎవరు బతికించాలి? తెలుగు శాఖవాళ్లు అది సంగీతమంటారు. సంగీత శాఖలో పాత లిపి, పాత ప్రతి చదవడం నేర్పేవాళ్లు తక్కువ. రెండు శాఖల మధ్యా ఆ ప్రతులు పడి ఉన్నాయి.

రెండో కారణం చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఊదేవాళ్ల, కొట్టేవాళ్ల కులాలు వేరు. పెళ్లిలో గట్టిమేళం కావాలి గానీ, భోజనాల వరసలో మేళగాళ్ల చోటు ఎక్కడో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా వైపు కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ శ్రీరంగం చేరి, రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం ఊది, అక్కడే ఆశ్రమం పెట్టి శిష్యుల్ని తయారుచేసి, 1999లో కన్నుమూశారు. ఆయన నాదస్వరం దేశమంతా వినిపించింది. మంగళ్లూ దూదేకులవాళ్లూ నిలబెట్టిన విద్య ఇది. వాళ్లు వాయించినదాన్ని జనం చెవులతో మెచ్చుకున్నారు. చదవదగిన విషయంగా ఎవరూ లెక్కవేయలేదు. ఆ విద్య మీద ఎన్ని పరిశోధన గ్రంథాలు రావాలి!

మనది గురుముఖాన వచ్చే విద్య, గమకం రాతకు దొరకదు, రాసిన స్వరం ఉత్త ఎముకల గూడు అని కొందరు విద్వాంసులు అంటారు. మా నాన్న కూడా శిష్యులకు ఊది చూపించే నేర్పారు. అయితే ఆయనే పద్దుల పుస్తకం తిప్పి మెలికలు పెట్టుకున్నారు కదా. రాత సరిపోదని తెలిసి కూడా సోమనాథుడు గుర్తులు కల్పించాడు, దీక్షితులవారు అచ్చు పోయించారు. ఫయెంజా ప్రతి కూడా అంతా చెప్పదు. ఏ వాద్యమో దాని మీద రాసిలేదు. వేగమెంతో లేదు. అందుకే పండితులు అరవై ఏళ్లకు పైగా దాని మీద వాదించుకున్నారు, వాయించి చూశారు, మళ్లీ వాదించుకున్నారు. రాతలో లేనిదాన్ని వెతకడానికే అక్కడ పరిశోధన సాగింది. మన దగ్గర ఇంకో గొప్ప సౌకర్యముంది. అక్కడ ఆ వాద్యకారుల పరంపర తెగిపోయింది. ఇక్కడ తెగలేదు. తోడి ఆలాపం ఊదగలిగిన మనిషి మార్కాపురంలో, చీరాలలో, చిలకలూరిపేటలో ఇంకా ఉన్నాడు. తంజావూరు ప్రతిలోని పాత ఆలాపం ఆయన ముందు పెడితే ఏ సంచారం ఇంకా వాడుకలో ఉందో, ఏది పోయిందో ఆయన ఊది చెప్పగలడు. ఆ మనిషి ఉండగానే ఈ పని జరగాలి.

మా ప్రాంతానికి ఈ పనిలో ప్రత్యేకమైన హక్కు ఉందని నా నమ్మకం. శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతకం మాకు దగ్గర్లోనే ఉంది. దోర్నాల దారిన కొండకు పోయే యాత్రికుల్లో చాలామంది ఇప్పటికీ మా మండలం దాటుకునే పోతారు. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’ పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనం పాటలూ ఆటలూ వర్ణిస్తూ వీణల్లోనే ఎన్నో రకాలను పేరుపేరునా చెప్పాడు. అందులో చాలా వాద్యాలు ఎలా ఉండేవో ఇవాళ చెప్పగలవాళ్లు తక్కువ. ఆ వాద్యాల పేర్లను పదకోశంలో అర్థం రాసి వదిలేయకుండా, శిల్పాలతో, శాసనాలతో, ఊళ్లలో మిగిలిన కిన్నెరలతో పోల్చి చూసే పరిశోధన ఒకటి కావాలి. జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ని పండితులు వి. రాఘవన్‌గారు పరిష్కరించారు, రాళ్లపల్లివారు తెనిగించారు, దాంతో నాట్యానికి మేలు జరిగింది. వాద్యానికీ అలాంటి మేలు జరగాలి.

నేను అడిగేది పెద్ద భవనాలు కాదు. తిరుపతిలో దేవస్థానం నడిపే నాదస్వర, డోలు పాఠశాల ఉంది. అక్కడ చదివే పిల్లల్లో ఆసక్తి ఉన్న ఇద్దరు ముగ్గురికి పాత తెలుగు లిపి, తాళపత్రం చదవడం నేర్పి, ఉపకారవేతనమిచ్చి తంజావూరు పంపండి. విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు ఒక్క ఠాయాల ప్రతిని ఎంచుకుని, ఊదేవాణ్ణీ వీణవాడినీ తెలుగు పండితుణ్ణీ ఒకచోట కూర్చోబెట్టి పరిష్కరించాలి. అచ్చుతోపాటు వాయించిన శబ్దమూ జనానికి అందాలి. డిగ్రీ లేదని మేళగాణ్ణి సమాచారం ఇచ్చే మనిషిగా మిగల్చకూడదు. పుస్తకం మీద పరిష్కర్తగా అతని పేరూ ఉండాలి.

మేళం కుటుంబాలవాళ్లకు ఒక్క మాట. మీ ఇళ్లలో అటక మీద, పాత ట్రంకుపెట్టెల్లో తాతలు రాసుకున్న స్వరాల పుస్తకాలుంటే చిత్తు కాగితాలవాడికి వేయకండి. ఫోనుతో పేజీపేజీకీ ఫొటో తీయండి. ఎవరు రాశారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊళ్లలో ఊదారో ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టండి. మా నాన్న పుస్తకాలను చదవాలనుకునే విద్యార్థి ఎవరు పెద్దారవీడు వచ్చినా, వాటిని ముందుపెట్టి నాకు తెలిసిన గుర్తులన్నీ చెబుతాను.