పొదుపు బోధ శ్రామికులకు, లాభాల పంట ఎవరికి?

గ్యాసును పొదుపుగా వాడండి, విద్యుచ్ఛక్తిని వృథా చేయకండి అని ఏలినవారు శ్రామిక కుటుంబాలకు ఎడతెగక బోధిస్తున్నారు. వృథాను ఎవరూ సమర్థించరు. కాని ఒక గది, రెండు దీపాలు, ఒక పంకా గల ఇంట ఆర్పవలసినది ఇంకేమి మిగిలింది? ఇంటి ఇంధన వ్యయం పెరిగినది గృహిణి అజాగ్రత్త వలన కాదు, పాలకుల విధానాల వలన. ఈ సత్యాన్ని మరుగుపరచడానికే ఈ ధర్మబోధ!

ముందు వంటింటి లెక్క చూద్దాము. 2020 మే నెలలో ఢిల్లీలో 14.2 కిలోల సిలిండరు ధర 600 రూపాయల లోపే ఉండేది. అంతర్జాతీయ ధరలు పడిపోయినవి గనుక ఇక సబ్సిడీ అవసరం లేదంటూ సాధారణ వినియోగదారుల ఖాతాలకు జమ నిలిపివేశారు. 2023 మార్చి నాటికి ధర 1,103 రూపాయలకు ఎక్కింది. ధర తగ్గినదని తీసివేసిన సబ్సిడీ, ధర పెరిగినప్పుడు తిరిగి రావలె గదా? రాలేదు. శాసనసభల ఎన్నికలు దగ్గరపడిన 2023 ఆగస్టులో 200 రూపాయలు, లోక్‌సభ ఎన్నికల ముంగిట 2024 మార్చిలో 100 రూపాయలు తగ్గించారు. ఎన్నికలు ముగిసిన మరుసటి ఏడాది, 2025 ఏప్రిల్‌లో, మరల 50 రూపాయలు పెంచారు. ఇది ధరల విధానమా, ఓట్ల వ్యాపారమా?

2016లో, అదియును మే 1వ తేదీన, కార్మిక దినాన, ఉజ్వల పథకాన్ని ప్రారంభించారు. పొయ్యి ఇచ్చిన మాట నిజమే. కాని ఉజ్వల కుటుంబం ఏడాదికి సగటున వాడిన సిలిండర్లు 2019-20లో మూడు. 2023-24లో సైతం నాలుగు నిండలేదు. మిగిలిన నెలలు వంట దేనిపై సాగింది? కట్టెలపై, పిడకలపై. పొగ ఆ తల్లుల ఊపిరితిత్తులలోకే పోయింది. పొదుపు బోధించే పెద్దలు కోరిన పొదుపు ఇదేనా?

ఇక కరవు భత్యం సంగతి. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచికలో, 2001 ఆధార సంవత్సరంగా గల శ్రేణి ప్రకారం ఇంధనం, వెలుతురు పద్దు బరువు 6.43 శాతం. 2020 అక్టోబరులో విడుదలైన 2016 ఆధార శ్రేణిలో దానిని 5.50 శాతానికి తగ్గించారు. సబ్సిడీ అందుతున్న కాలపు ఖర్చును కొలిచి బరువు కట్టారు. ఆ తరువాత సబ్సిడీ ఎగిరిపోయింది. ధరల పెరుగుదల సూచికలో చేరదని మేము అనడం లేదు. కార్మికుని ఇంట పడుతున్నంత బరువుతో చేరడం లేదని అంటున్నాము. జేబు నుండి పోయినది పూర్తిగా పోయింది, భత్యంగా వచ్చినది కొరతగా వచ్చింది.

విద్యుత్తు విషయం మరింత దారుణం. 2022లో కేంద్రం రాష్ట్రాల ఉత్పత్తి సంస్థలను 10 శాతం దిగుమతి బొగ్గు కలుపుకొమ్మని ఒత్తిడి చేసింది. అదే ఏడాది డిసెంబరులో, ఇంధన వ్యయపు పెరుగుదలను నెలనెలా బిల్లులోకి మళ్ళించే నిబంధన తెచ్చింది. దిగుమతి నిర్ణయం ఢిల్లీది, లాభం బొగ్గు వ్యాపారిది, బిల్లు మనది! 2023 జూన్ సవరణ ప్రకారం స్మార్టు మీటరు గల గృహ వినియోగదారుల నుండి రద్దీ వేళలలో కనీసం 10 శాతం అధికంగా వసూలు చేయాలి. ఎండ వేళలలో కనీసం 20 శాతం తగ్గించాలి. ఎండ వేళ కార్మికుడు కర్మాగారంలో ఉంటాడు. అతని ఇంట దీపం వెలిగేది, పిల్లలు చదువుకునేది సాయంకాలమే. రాయితీ తాళం వేసిన ఇంటికి, జరిమానా మనుషులున్న ఇంటికి!

నిజమైన పొదుపుకు మేము విరోధులము కాము. 60 వాట్ల బల్బు స్థానంలో 9 వాట్ల ఎల్‌ఈడీ దీపం చాలును. అయితే అది పేదలకు అందినది ఉపన్యాసాల వలన కాదు. ప్రభుత్వరంగ సంస్థల భాగస్వామ్యంతో ఏర్పడిన ఈఈఎస్‌ఎల్ పెద్ద ఎత్తున కొనుగోలు చేసినందున 2014లో 310 రూపాయలుగా ఉన్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. మామూలు పంకా 75 వాట్లు తింటుంది. కొత్తరకం మోటారు పంకాకు 30 వాట్లు చాలును. రోజుకు 12 గంటల చొప్పున ఒక్క పంకాపై నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. కాని దాని ఖరీదు ఒక్కసారిగా పెట్టగల కార్మికులెందరు? ఇంటికప్పుపై సౌరఫలకాలకు 2024 పథకం 78,000 రూపాయల వరకు సాయం ప్రకటించింది. సొంత కప్పే లేని అద్దె ఇంటివానికి అందులో దక్కేదేమి?

ఖజానాకు భారమంటారు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు ఏటా 1,45,000 కోట్ల రూపాయల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. ఆనాడు ఖజానా బరువు ఎవరికీ గుర్తు రాలేదు!

కనుక మన కోరికలు స్పష్టం. గ్యాసు సబ్సిడీని శ్రామిక కుటుంబాలన్నిటికీ పునరుద్ధరించాలి. సూచికలో ఇంధనపు బరువును నేటి ఖర్చు ప్రకారం సవరించాలి. నెలవారీ ఇంధన సర్దుబాటును, గృహాలపై రద్దీ వేళ అదనపు రేటును రద్దు చేయాలి. తక్కువ విద్యుత్తు తినే పంకాలను ప్రభుత్వరంగం ద్వారా కొని వాయిదాలపై అందించాలి. అద్దెదారులకు సామూహిక సౌర విద్యుత్తులో వాటా కల్పించాలి.

2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో విద్యుత్ చార్జీల పెంపును ఎదిరించిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలర్పించారు. ఆ పోరాటపు పాఠం ఒక్కటే: బిల్లు ఇంటింటికీ విడివిడిగా వచ్చినా, దానిని తగ్గించగలిగేది కలసికట్టుగానే. యూనియన్ శాఖలు ఫ్యాక్టరీ గేటు వద్దనే ఆగక బస్తీలకు కదలాలి, ప్రతి బిల్లును విప్పి చూపాలి, గృహిణులను ఈ పోరాటపు ముందు వరుసలో నిలపాలి!