కంప్యూటర్ కబుర్లు: జిల్లా పేరు ఒక్కచోటే

ఒట్టపిడారం తిరునెల్వేలి జిల్లాలో ఉండేది. 1986లో చిదంబరనార్ జిల్లాలోకి వెళ్లింది. వ.ఉ. చిదంబరం పిళ్లై పుట్టిన ఊరే కదా, తగిన పేరు! తర్వాత ఆ జిల్లా కాస్తా తూత్తుకుడి అయింది. సభ్యుల జాబితాలో జిల్లాను ప్రతి ఇంటికీ విడిగా టైపు చేసి ఉంటే రెండుసార్లూ అన్నీ దిద్దాల్సిందే.

అందుకే తాలూకా, జిల్లా పేర్లను వేరే టేబుల్‌లో ఉంచండి. యాక్సెస్‌లో సభ్యుల ఫారం మీద ఖాళీ టెక్స్ట్ బాక్స్ పెట్టి, దాని కంట్రోల్ సోర్స్‌లో సమాన గుర్తు వేసి డీలుకప్ రాయండి. ఏ ఫీల్డు, ఏ టేబుల్, ఏ తాలూకా అన్న మూడూ ఇదే క్రమంలో చెప్పాలి. రెండు టేబుళ్లనూ కలపనక్కర్లేదు. తాలూకా పేరు అక్షరాల్లో ఉంటుంది గనుక దానికి అటూ ఇటూ ఒంటి కోట్లు పడాలి, చిక్కంతా అక్కడే. బాక్సులో కనిపించేది చూడ్డానికే, అక్కడ దిద్దలేం. టేబుల్‌లో ఒట్టపిడారం వరుసను ఒక్కసారి మారిస్తే ఆ తాలూకా ఇళ్లన్నిటికీ కొత్త పేరే వస్తుంది.