రెండు కత్తుల కుర్రాడు

మనకు స్కౌట్ అంటే ఖాకీ చొక్కా, మెడలో స్కార్ఫు, బడిలో ఆగస్టు పదిహేను కవాతు గుర్తొస్తాయి. బేస్‌బాల్ ఆడే దేశాల్లో మాత్రం స్కౌట్ అంటే అదో ఉద్యోగం. ఓ చేతిలో స్టాప్‌వాచీ, మరో చేతిలో బంతి వేగాన్ని కొలిచే రాడార్ గన్, ఒళ్లో నోటుపుస్తకం. ఊరూరా తిరగడం, హైస్కూలు మైదానాల్లో ఎండకు ఎండుతూ పదిహేడేళ్ల పిల్లల ఆట చూడటం... ఇదే పని. ఆ పిల్లాడు పాతికేళ్ల వయసులో ఎలా ఆడతాడో ఇప్పుడే చెప్పాలి. ఓ రకంగా జ్యోతిషమే! కాకపోతే జాతకచక్రంలో గ్రహాల బదులు అంకెలుంటాయి.

అమెరికా స్కౌట్లు 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 వస్తే అక్కడి మేజర్ లీగ్‌లో సగటు ఆటగాడితో సమానం. పిచర్ అంటే మన బౌలర్‌లాంటివాడు. అతనికైతే వేగం, బంతి వంపు తిరిగే తీరు, అదుపు చూస్తారు. బ్యాటర్‌కైతే బంతిని తగిలించే నేర్పు, బలం, పరుగు, విసురు, ఫీల్డింగు. ఇద్దరికీ లెక్కలు వేరు. ఒకే పిల్లాడు రెండు లెక్కల్లోనూ మంచి మార్కులు తెచ్చుకున్నాడనుకోండి... చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

అదేంటి, మంచిదేగా అంటారా? క్రికెట్లో అయితే మంచిదే. కపిల్‌దేవ్ లాంటివాడు దొరికితే ఏ జట్టుకైనా పండగే. బేస్‌బాల్లో అలా కుదరదు. ప్రొఫెషనల్ జట్టు ఏడాదికి జపాన్‌లో 140కి పైగా, అమెరికాలో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే దాదాపు రోజూ ఆటే. బ్యాటర్ రోజూ బరిలోకి దిగాలి. పిచర్ సంగతి వేరు. ఒక మ్యాచ్‌లో వంద దాకా బంతుల్ని ఒంట్లో బలమంతా పెట్టి విసిరాక భుజం, మోచేయి కోలుకోవాలి. జపాన్‌లో అయితే మళ్లీ వారానికి గానీ అతని వంతు రాదు. ఒకరికి రోజూ పని, మరొకరికి విశ్రాంతి కూడా పనిలో భాగమే. ఈ రెండూ ఒకే ఒంట్లో ఇమిడేదెలా? అందుకే హైస్కూల్లో బంతితోనూ బ్యాటుతోనూ మెరిసిన పిల్లలు ప్రొఫెషనల్ ఆట గడప తొక్కగానే వినే మొదటి మాట ‘ఏదో ఒకటి ఎంచుకో’ అని. బేబ్ రూత్ అంతటివాడే 1920లో న్యూయార్క్ యాంకీస్‌కు మారాక బంతి వేయడం దాదాపు మానేసి, బ్యాటుకే పరిమితమయ్యాడు.

ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లకు, ఆ మాట తనకు అక్కర్లేదని తేల్చిన కుర్రాడొకడు వచ్చాడు. జపాన్‌లో మంచు ఎక్కువగా కురిసే ఇవాతే ప్రాంతం నుంచి.

రోజుకు పది గిన్నెల అన్నం

షోహెయ్ ఒహ్తాని 1994 జులై 5న పుట్టాడు. నాన్న ఒకప్పుడు కంపెనీ జట్టుకు బేస్‌బాల్ ఆడినవాడు. అమ్మ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి. హనమాకి హిగాషి హైస్కూల్లో చేరేనాటికి కుర్రాడు బాగా పొడవు, అంతకు మించి సన్నం. అక్కడి కోచ్ హిరోషి ససాకి తన పిల్లలకు ఓ పని చెప్పేవాడు. కాగితంపై 81 గడులు గీసి, నట్టనడుమ గడిలో జీవితాశయం రాయాలి. దాని చుట్టూ ఎనిమిది గడుల్లో అందుకు కావలసినవి. ఆ ఒక్కోదాని చుట్టూ మళ్లీ ఎనిమిదేసి చిన్న పనులు.

ఒహ్తాని నడిమి గడిలో ఏం రాశాడో తెలుసా? ‘ఎనిమిది జట్లు నన్నే మొదటి ఎంపికగా కోరుకోవాలి’ అని. జపాన్‌లో హైస్కూలు ఆటగాళ్లను ప్రొఫెషనల్ జట్లు డ్రాఫ్ట్ అనే పద్ధతిలో ఎంచుకుంటాయి. ఒకే ఆటగాడిని నాలుగైదు జట్లు కోరితే చీటీలు తీస్తారు. తన కోసం ఎనిమిది జట్లు చీటీలు తీయాలని కుర్రాడి కోరిక! తిండి గడిలో ‘రాత్రి ఏడు గిన్నెలు, పొద్దున మూడు గిన్నెల అన్నం’ అని రాసుకున్నాడు. అదృష్టం అనే గడి చుట్టూ చెత్త ఏరడం, గది శుభ్రం చేయడం, పలకరించడం, అంపైర్లతో మర్యాదగా ఉండటం... వీటిని చేర్చాడు.

ఇక్కడో విశేషం ఉంది. చుట్టూ ఉన్న ఎనిమిది ప్రధాన గడుల్లో శరీర దారుఢ్యం, అదుపు, బంతి పదును, గంటకు 160 కిలోమీటర్ల వేగం, వంపు బంతులు, మనోబలం, వ్యక్తిత్వం, అదృష్టం ఉన్నాయి. బ్యాటింగ్ లేదు! అంటే పదహారేళ్లప్పుడు అతను కూడా తనను పిచర్‌గానే చూసుకున్నాడు.

మరి బ్యాటర్ ఎక్కణ్నుంచి వచ్చాడు? గాయంలోంచి. 2011లో, ఇంకా ఎముకలు ఎదుగుతున్న వయసులో, ఎడమ కాలి పైభాగంలో దెబ్బ తగిలింది. ఆ శరత్కాలమంతా బంతి వేయలేకపోయాడు. ఊరికే కూర్చోలేక బ్యాటుతో సాధన చేశాడు. కుడిచేత్తో బంతి విసిరే ఆ కుర్రాడు ఎడమచేతి వాటంతో బ్యాటు ఊపుతుంటే అప్పటిదాకా కనిపించని ఆటగాడొకడు బయటపడ్డాడు.

మరుసటి ఏడాది స్కౌట్లకు నిద్ర లేదు. 2012 వసంతంలో జపాన్ హైస్కూలు పిల్లలంతా కలలుగనే కోషియెన్ టోర్నీలో, ఆనాటి మేటి పిచర్ షింతారో ఫుజినామి బంతిని హోమ్‌రన్ కొట్టాడు. అదే మ్యాచ్‌లో బంతితో మాత్రం అదుపు తప్పాడు. జట్టు 9-2తో ఓడిపోయింది. అంటే ఆ రోజు చూసినవాళ్లకు బ్యాటరే గొప్పగా కనిపించి ఉండాలి. నాలుగు నెలలకే లెక్క తిరగబడింది. జులైలో ఇవాతే ప్రాంతీయ సెమీఫైనల్లో అతని బంతి 160 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. జపాన్‌లో ఏ హైస్కూలు కుర్రాడూ అప్పటిదాకా అంత వేగంగా విసరలేదు. 2003 ప్రపంచకప్‌లో పరుగెత్తుకుంటూ వచ్చి షోయబ్ అఖ్తర్ విసిరిన రికార్డు బంతి వేగం 161.3. ఈ కుర్రాడు పరుగు లేకుండా, నిలబడ్డ చోటి నుంచే విసిరాడు!

రాడార్ గన్‌లో ఆ అంకె చూశాక చాలామంది స్కౌట్లకు ఇక సందేహం మిగల్లేదు. వీడు పిచరే. అతని కోసం వచ్చిన అమెరికా జట్లు కూడా పిచర్‌గానే అడిగాయి.

ముప్పై పేజీల జాబు

వాళ్లను తప్పుపట్టలేం. వేగాన్ని యంత్రం కొలుస్తుంది. మెరుగైన పిచర్ల ముందు పిల్లాడి బ్యాటు ఏమవుతుందో కొలిచే యంత్రం లేదు. కొలవగలిగిందాన్నే నమ్మడం మనిషి స్వభావం. పైగా లక్షల డాలర్లు పోసి కొనే మోచేయి. దాన్ని రెండు పనులకు వాడి పాడుచేసుకోమని ఎవరు చెబుతారు?

అక్టోబరు 21న ఒహ్తాని తన నిర్ణయం ప్రకటించాడు. జపాన్‌లో ఆడననీ, నేరుగా అమెరికా వెళ్తాననీ. అలాంటివాడి మీద మొదటి ఎంపికను ఖర్చు చేస్తే చేతికేమీ దక్కకపోవచ్చు. మిగతా జట్లు వెనక్కి తగ్గాయి. నాలుగు రోజుల తర్వాత డ్రాఫ్ట్‌లో ఫుజినామి కోసం నాలుగు జట్లు చీటీలు తీశాయి. ఎనిమిది జట్లు అని రాసుకున్న ఒహ్తానిని కోరింది ఒక్కటే... హొక్కైదోకు చెందిన నిప్పన్ హామ్ ఫైటర్స్.

ఆ జట్టువాళ్లు డబ్బు సంచితో వెళ్లలేదు. ముప్పై పేజీల నివేదికతో వెళ్లారు. చిన్న వయసులోనే విదేశాలకు వెళ్లిన జపాన్ క్రీడాకారులకు ఏమైంది? కొరియా నుంచి నేరుగా అమెరికా వెళ్లిన కుర్రాళ్లలో ఎందరు నిలబడ్డారు? ఇలాంటి లెక్కలన్నీ అందులో ఉన్నాయి. ‘అమెరికా వెళ్లొద్దు’ అని అనలేదు. ఇక్కణ్నుంచి వెళ్తే దారి బాగుంటుందని చూపించారు. దానితోపాటు మరెవ్వరూ ఇవ్వనిది ఒకటి ఇచ్చారు. బంతీ వేయొచ్చు, బ్యాటూ పట్టొచ్చు అని. జపాన్‌లో దీన్ని ‘నితోర్యు’ అన్నారు. రెండు కత్తులతో పోరాడే విద్య అని ఆ మాటకు అర్థం. డిసెంబరు 9న కుర్రాడు ఒప్పుకున్నాడు.

మాట ఇవ్వడం తేలిక. దాన్ని నిలబెట్టడానికి మేనేజరు హిదెకి కురియామా టైంటేబుల్ వేశాడు. బంతి వేసే ముందురోజు, వేసిన మర్నాడు బ్యాటింగ్‌కు సెలవు. మిగతా రోజుల్లో బ్యాటు. మొదటి ఏడాది ఫలితాలు అంతంతమాత్రమే. 2013లో బంతితో మూడు విజయాలు, బ్యాటుతో మూడు హోమ్‌రన్లు, సగటు .238. మాజీ ఆటగాళ్లు చాలామంది పెదవి విరిచారు. అప్పుడు ఏదో ఒకటి మానిపించడానికి కావలసినంత సాకు దొరికింది. జట్టు మాత్రం మాట తప్పలేదు. 2014లో 11 విజయాలు, 10 హోమ్‌రన్లు. ఒకే ఏడాది రెండింట్లోనూ రెండంకెలు చేరడం జపాన్ లీగ్‌లో అదే తొలిసారి. 2016లో లీగ్ ఉత్తమ ఆటగాడు.

ఈసారి పరీక్ష జట్లకు

2017 చివర్లో ఒహ్తాని అమెరికాకు బయల్దేరాడు. ఈసారి సీను మారింది. అతని ఏజెంటు అక్కడి ముప్పై జట్లకూ ప్రశ్నాపత్రం పంపాడు. మా వాడిని ఎలా వాడుకుంటారు, శిక్షణ ఎలా ఇస్తారు, రాసివ్వండి అని. అయిదేళ్ల కిందట కుర్రాడికి మార్కులు వేసినవాళ్లే ఇప్పుడు జవాబులు రాసి మార్కుల కోసం ఎదురుచూశారు! పాతికేళ్లు నిండేదాకా ఆగితే కోట్లకు కోట్ల డాలర్లు వచ్చేవి. ఆగలేదు. 23 ఏళ్లకే, 23 లక్షల డాలర్ల బోనస్‌కు, లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్‌లో చేరాడు.

2018 సన్నాహక మ్యాచ్‌ల్లో తడబడ్డాడు. అతని బ్యాటింగ్ హైస్కూలు స్థాయిలో ఉందని స్కౌట్లు అంటున్నట్టు పత్రికల్లో వచ్చింది. ఆ ఏడాదే 22 హోమ్‌రన్లు కొట్టి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 2021, 2023, 2024, 2025ల్లో లీగ్ అత్యంత విలువైన ఆటగాడి బహుమతి. 2023 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఫైనల్లో అమెరికా చివరి బ్యాటర్‌ను ఔట్ చేసి జపాన్‌ను గెలిపించింది అతనే. ఆ జట్టు మేనేజరు మరెవరో కాదు, కురియామానే. అదే ఏడాది చివర్లో డాడ్జర్స్‌తో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం. 2025 అక్టోబరు 17న ఆ జట్టుకు ఒకే మ్యాచ్‌లో పదిమందిని స్ట్రైకౌట్ చేసి, మూడు హోమ్‌రన్లు కొట్టాడు.

అంతమాత్రాన ఆనాటి స్కౌట్లు పూర్తిగా తప్పని కాదు. వాళ్లు భయపడ్డట్టే మోచేయి రెండుసార్లు శస్త్రచికిత్స బల్ల ఎక్కింది, 2018లో ఒకసారి, 2023లో ఒకసారి. 2019, 2024 సీజన్లలో బంతి ముట్టకుండా బ్యాటుతోనే నెట్టుకొచ్చాడు. ఇంకోమాట. 2017 డ్రాఫ్ట్‌లో హంటర్ గ్రీన్ అనే కాలిఫోర్నియా హైస్కూలు కుర్రాడు ఇలాగే రెండు విద్యలతో వచ్చాడు. సిన్సినాటి రెడ్స్ రెండో ఎంపికగా తీసుకుంది. తొలి ఏడాది కొద్ది మ్యాచ్‌ల్లో బ్యాటు పట్టించి, తర్వాత బంతికే పరిమితం చేసింది. అతను 2024లో ఆల్‌స్టార్ పిచరయ్యాడు. కాబట్టి ఒకటి వదిలేయడమూ ఓటమేం కాదు.

అయితే ఆ వదిలేయడం ఎప్పుడు, ఎవరి మాట మీద? మన ఇళ్లలో పదో తరగతి ఫలితాలొచ్చిన సాయంత్రమే ఎంపీసీనా, బైపీసీనా అన్నది తేలిపోతుంది. బొమ్మలేసే చేయి, పాడే గొంతు, పరుగెత్తే కాలు ఆ రోజే అటకెక్కుతాయి. రెండు పడవల మీద కాళ్లెందుకంటాం. ఆ మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది. ఫైటర్స్ వాళ్లకూ ఆ భయం ఉండే ఉంటుంది. అయినా కుర్రాడిని ఒకటి మానేయమనే ముందు, రెండూ కుదరాలంటే వారంలో ఏ రోజు ఏం చేయాలో కాగితం మీద రాసి చూశారు. ఆ కాగితానికి పెద్దగా ఖర్చేం కాదు. ఈ వేసవిలో మనమూ ఒకటి రాసి చూడొచ్చు.