కొరివికారం ఎవరిది?

గుంటూరు సన్నం మిరపకు 2009-10లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. కాయకొచ్చింది, కోసిన చేతికి రాలేదు.

హోటళ్లలో గొప్పగా వడ్డించే కొరివికారం మా పేటల్లో కూర లేనిరోజు కూర. పండుమిరపకాయలు తొడిమలతోనే కడిగి, తడారాక తొడిమలు తీసి, ఉప్పు, చింతపండు వేసి దంచాలి. మూడోరోజు వేయించిన మెంతిపిండి, వెల్లుల్లి కలిపి మళ్లీ నూరాలి. చుక్క నీళ్లు తగిలినా బూజే. మా అమ్మలకిది ఒకరు చెప్పాలా?

కిలో కాయకెంత ఉప్పో వంటల పుస్తకాలు రాస్తాయి. కిలో కోస్తే కూలెంతో రాయవు. కోతకెళ్లొచ్చిన తల్లి మండే చేతుల్తో పాలబిడ్డను ఎత్తుకోలేదు. కోతల రోజుల్లో మా బడిలో ఆడపిల్లల బల్లలు ఖాళీ.

అక్కల్లారా, ఈసారి ముఠా కూలి మాట్లాడేటప్పుడు చేతులకు తొడుగులు, చేలో బిడ్డలకు నీడ కూడా అడుగుదాం. రేటు తెగాకే చేలో దిగుదాం.