పందెపు గుర్రంలో వాటా

పందెపు గుర్రాన్ని ఒంటరిగా పోషించడం సంపన్నులకే సాధ్యం. అందుకే పదిమంది కలిసి సిండికేటుగా ఏర్పడి వాటాలు పంచుకునే పద్ధతి మన రేస్‌కోర్సులలోనూ ఉంది. గెలిచిన రోజున కప్పుతో ఫొటో దిగడానికి భాగస్వాములందరూ వస్తారు. కాలు దెబ్బతిని గుర్రం ఆరు నెలలు శాలకే పరిమితమైతే మాత్రం శిక్షకుని రుసుము, దాణా, లాడాలు, వైద్యం బిల్లులు నెలనెలా వస్తూనే ఉంటాయి. ఒకరు చేతులెత్తేస్తే ఆ భారం మిగిలినవారిపై పడుతుంది. విత్తుకొట్టిన గుర్రమైతే సంతానోత్పత్తికీ పనికిరాదు.

గుర్రప్పందేలు నైపుణ్యంతో కూడినవేనని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. అయినా పన్ను విధానం వాటిని జూదం సరసనే కూర్చోబెట్టింది. పందెం పూర్తి విలువపై 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. బహుమతి సొమ్ముకు ప్రధాన ఆధారం పందేలపై క్లబ్బులకు దక్కే కమిషనే. పందేలు దొంగచాటు బుకీల వద్దకు తరలితే యజమానులకు దక్కేదీ తరిగిపోతుంది.

ఈ స్థితిలో వాటాను ఆదాయ మార్గంగా ప్రచారం చేయడం సమంజసం కాదు. ఖర్చు ఎవరెంత భరించాలి, అమ్మకంపై నిర్ణయం ఎవరిది, తప్పుకునేవారి లెక్క ఎలా తేల్చాలి అన్నవి కొనుగోలుకు ముందే రాతపూర్వకంగా ఉండాలని క్లబ్బులు పట్టుబట్టాలి. పరుగు మానిన గుర్రాన్ని ఎవరు సాకాలన్నదీ ఆ ఒప్పందంలోనే ఉండాలి.