వెండితెర వ్రాతకు వ్యాకరణ మేల?

దిల్‌సుఖ్‌నగరమున శిక్షణాలయములకును విద్యార్థుల వసతిగృహములకును కొదువ లేదు. కోణార్కు, వెంకటాద్రి మున్నగు చిత్రశాలల పేరులు ఆ పేట నెరిగినవారి కెల్లరకును పరిచితములే. నల్లగొండ, ఖమ్మము, పాలమూరు ప్రాంతములనుండి వచ్చి యిచట నివసించు యువకులలో ఉద్యోగపరీక్షలకు చదువువారేకాక, చలనచిత్రములకు కథలు వ్రాయ నుద్యమించినవారును గలరు. 2018 సెప్టెంబరులో అమీరుపేట-ఎల్.బి.నగర్ మెట్రోమార్గము తెరువబడినది మొదలు, చిత్రపరిశ్రమ మసలు పడమటి వీథులు వారికి చేరువైనవి. ఇది సంతోషింపదగిన విషయము. కాని వీరిలో పలువురు వ్యాకరణమును, విరామచిహ్నములను తృణీకరించుట మాకు సమ్మతము కాదు.

"ప్రేక్షకుడు మా కాగితమును చూడడు గదా" యని వారి వాదము. నిజమే. కాని ప్రేక్షకునికి ముందు దర్శకుడు, నటుడు, ఛాయాగ్రాహకుడు, దుస్తులు సమకూర్చువాడు అందరును చూతురు. "రాముడు సోముని చూచి అతని గదిలోనికి పోయెను" అని వ్రాసిన, ఎవరి గదిని సిద్ధపరుపవలెను? "తన గది" యనిన రాముని గది. "అతని గది" యనిన సోముని గది. ఈ భేదమును తెలుగువ్యాకరణము మనకు ఊరకయే యిచ్చినది. దానిని విడిచి కలము పట్టువాడు చిత్రీకరణనాడు పదిమంది కాలమును వ్యర్థపరచును.

విరామచిహ్నములు మన తాళపత్రములలో లేవనియు, అచ్చుతో వచ్చినవనియు కొంద రందురు. సత్యమే. పద్యమునకు గణములు, యతిప్రాసలు నడక నేర్పెడివి. వచనమున కా యాధారము లేదు. న్యాయస్థానమున ముద్దాయి పలుకు మాటను చూడుడు. "నేను కాదు, చంపినది అతడు" అనిన నది నిరాకరణము. "నేను... కాదు, చంపినది అతడు" అనిన నోరుజారిన నేరాంగీకారము! అక్షర మొక్కటియు మారలేదు, కథ తలక్రిందులైనది. ఆ మూడు చుక్కలు లేనినాడు నటు డేమి చేయగలడు?

అంతకంటె శోచనీయమైనది మరియొకటి కలదు. తెలుగురాని నటుల సౌకర్యార్థము సంభాషణలను ఆంగ్లలిపిలో వ్రాయుట కలదు. అవసరమునకు అట్టి ప్రతి యొకటి సిద్ధపరచిన దోషము లేదు. కాని రచయితయే మొదటనుండి ఆ లిపిలో వ్రాసికొనుట తగదు. సామాన్యముగా వ్రాయు ఆ లిపిలో "పాట"యు "పాత"యు నొక్కటే. "కల"యు "కళ"యు నొక్కటే. హ్రస్వదీర్ఘముల భేద మెరుగని వ్రాతలో "వచ్చినాడ"నుటకును "వచ్చినాడా" యనుటకును భేద మెక్కడిది? మన భాషలో ప్రశ్నయే దీర్ఘముపై నిలిచియున్నది.

"మా పాత్రలు పల్లెవారు, వారికి వ్యాకరణ మెక్కడిది?" అని మరియొక యాక్షేపణ. మాండలికమునకు వ్యాకరణము లేదనుట దాని నవమానించుటయే. తెలంగాణమున "నేను పోతున్న", "నువ్వు పోతున్నవ్" అందురు. "నేను పోతున్నవ్" అని పసివాడైనను అనడు. ఈ నియమము నెరుగనివారు చాలకాలము తెలంగాణపు పలుకుబడిని ప్రతినాయకులకును హాస్యగాండ్రకును అంటగట్టిరి. 2023లో వచ్చిన "బలగం" ఆ పలుకుబడితోనే కంట నీరు పెట్టించినది. శ్రద్ధగా విని వ్రాసిన మాటకు గల బలమది.

1938లో "మాలపిల్ల"కు వాడుకభాషలో సంభాషణలు కూర్చిన తాపీ ధర్మారావు పండితుడే. 1957లో "మాయాబజారు"న క్రొత్తమాటలు పుట్టించి నవ్వించిన పింగళి నాగేంద్రరావుగారు పదనిర్మాణము నెరిగియే దానితో ఆటలాడిరి. నియమము నెరిగినవాడే దానిని అందముగా ఉల్లంఘింపగలడు.

కావున మా మనవి యిది. యువరచయితలు తమ వ్రాతను నిర్మాతకు చూపుటకు పూర్వము, ఆ కథ నెరుగని మిత్రునిచేత బిగ్గరగా చదివించి వినవలెను. అతడు తడబడినచోటెల్ల గీత గీసికొని దిద్దవలెను. మన పఠనమందిరములు వారమున కొక సాయంకాలము ఇందుకై తలుపులు తెరచిన మేలు. దీనికి ధనము అక్కరలేదు, శ్రద్ధ చాలును. కోట్లు వ్యయపరచి తీయు చిత్రమునకు, ఒక చుక్క పెట్టుటకు ఓపిక లేకపోవుట మన భాషకు గౌరవము కాదు.